ఎంజీఎంకు రాసిచ్చాం, ఆ తర్వాత? పీహెచ్‌సీకీ పెద్ద దవాఖానకూ మధ్య రోగి చేజారే చోట్లు

వరంగల్ చుట్టుపక్కల ఏ ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి (పీహెచ్‌సీకి) వెళ్లినా బీపీ, షుగర్ ఉన్నవాళ్ల చేతుల్లో ఒక ప్లాస్టిక్ కవర్ కనిపిస్తుంది. వరంగల్‌లోని పెద్ద సర్కారు ఆసుపత్రి ఎంజీఎం ఓపీ చిట్టీలు, హన్మకొండలో ప్రైవేటు డాక్టరు రాసిన మందుల చీటీ, ఎప్పటిదో ఈసీజీ, సగం కత్తిరించిన గోలీల షీట్లు అన్నీ అందులోనే ఉంటాయి. ఆ మనిషి వైద్య చరిత్ర మొత్తం ఒక్కచోట దొరికేది ఆ కవర్లోనే. కాకపోతే దాన్ని పూర్తిగా విప్పి చూసేవాళ్లు తక్కువ.

విప్పితే ఏం దొరుకుతుందో ఒక ఉదాహరణ చూద్దాం. నెక్కొండ వైపు పల్లెలో 58 ఏళ్ల ఆమె ఉందనుకోండి. పీహెచ్‌సీలో బీపీకి ఆమ్లోడిపిన్ 5 మి.గ్రా. ఇస్తున్నారు. మధ్యలో తల తిరుగుతోందంటే కొడుకు హన్మకొండలో చూపించాడు. అక్కడ టెల్మిసార్టాన్ 40, ఆమ్లోడిపిన్ 5 కలిసిన గోలి రాశారు. షీటు మీద కంపెనీ పెట్టిన పేరు పెద్దగా, మందు పేరు చిన్నగా ఉంటుంది. సర్కారు గోలి వేరు, ఇది వేరు అనుకుని రెండూ వేసుకుంటోంది. అంటే ఆమ్లోడిపిన్ రోజుకు 10 మి.గ్రా. పడుతోంది. ఆ మోతాదులో కొంతమందికి పాదాలు వాస్తాయి, ఈమెకూ వాచాయి. ఊళ్లో ఆర్‌ఎంపీ వాపు చూసి ఫ్యూరోసెమైడ్, అంటే ఒంట్లో నీరు తీసే గోలి ఇచ్చాడు. నాట్ల కాలంలో మోకాళ్ల నొప్పులకు డైక్లోఫెనాక్ సూది, ఆ పైన వారానికి సరిపడా నొప్పి గోలీలు. టెల్మిసార్టాన్, నీటి గోలి, నొప్పి గోలి మూడూ కలిస్తే కిడ్నీలో వడపోత ఒత్తిడి పడిపోతుంది. ఎండలో పనిచేస్తూ నీళ్లు తక్కువ తాగే మనిషికి ఇది ఇంకా తొందరగా జరుగుతుంది. కిడ్నీ పనితీరు చెప్పే రక్తపరీక్షలో క్రియాటినిన్ పెరుగుతుంది. చివరికి ‘కిడ్నీ సమస్య’ అని చీటీ పట్టుకుని ఎంజీఎం గేటు దగ్గర దిగుతుంది.

ఆర్‌ఎంపీ సంగతి అలా ఉంచితే, పీహెచ్‌సీ డాక్టరు రాసిందీ తప్పు కాదు, హన్మకొండ డాక్టరు రాసిందీ తప్పు కాదు. చీటీలన్నీ పక్కపక్కన పెట్టినప్పుడే తేడా బయటపడుతుంది. ఆ పక్కపక్కన పెట్టే పని ఎవరిది? ఏ ఉద్యోగి పని జాబితాలోనూ అది విడిగా కనిపించదు. ప్రాథమిక వైద్యంలో ‘సమన్వయం’ అనే పెద్దమాట వెనక ఉన్నది ఇంతే: ఇద్దరి మధ్య పడిపోయే పనులను గుర్తుపట్టి, ఒక్కో పనికి ఒక్కో మనిషి పేరు రాయడం.

కవర్ విప్పే ఐదు నిమిషాలు

ఈ పని మెడికల్ ఆఫీసర్ మీద పెడితే జరగదు. ఓపీలో వరుస కడుతుంటే ఆయన కవర్లో పై చీటీ చూసి కిందిది వదిలేస్తారు, అది సహజం. ఫార్మాసిస్టుకో స్టాఫ్ నర్సుకో ఇవ్వాలి. ప్రతి రోగికీ ప్రతిసారీ అక్కర్లేదు. కొత్తగా పేరు రాయించుకున్నవాళ్లు, వేరే ఆసుపత్రిలో చూపించుకుని వచ్చినవాళ్లు, ఐదు రకాలకు మించి మందులు వాడేవాళ్లు, ఈ మూడు రకాలకే చేసినా చాలు.

షీట్లన్నీ బల్ల మీద పరచాలి. కంపెనీ పేరు కాకుండా అసలు మందు పేరు చదవాలి. కలిపి తయారుచేసిన గోలీల దగ్గరే పొరపాటు ఎక్కువ కాబట్టి చిన్న అక్షరాలను వదలొద్దు. గ్లిమెపిరైడ్, మెట్‌ఫార్మిన్ కలిసిన ప్రైవేటు గోలికి తోడు పీహెచ్‌సీ ఇచ్చిన విడి గ్లిమెపిరైడ్ కూడా పడితే తెల్లవారుజామున చెమటలు, వణుకు. షుగర్ 70 కంటే కిందికి పడిపోయిందన్నమాట. ఇంట్లోవాళ్లు దాన్ని గాలి సోకిందనుకుంటారు, నీరసమనుకుంటారు.

అడిగే తీరులో కూడా పనితనం ఉంది. ‘మందులు సరిగ్గా వాడుతున్నారా?’ అంటే అందరూ తలూపుతారు. ‘నిన్న మాపటికి ఏ గోలి ఏసుకున్నవమ్మా, చూపియ్యి’ అంటే అసలు సంగతి తెలుస్తుంది. సూదులు, నొప్పి గోలీలు, ఆయుర్వేద పొడుల గురించి విడిగా అడగాలి. జనం లెక్కలో అవి మందులు కావు, అడక్కపోతే చెప్పరు.

ఆ తర్వాత ఒకే ఒక జాబితా రాసి రోగి పుస్తకంలో అంటించాలి. చదవడం రానివాళ్లకు పొద్దుగాల వేసుకునేదాని పక్కన సూర్యుడు, మాపటి దాని పక్కన చంద్రుడు గీస్తే సరిపోతుంది. ఆపేయమన్న మందు షీటు మీద మార్కర్‌తో అడ్డంగా గీత గీయాలి. ‘ఇది బంద్’ అని నోటితో చెప్పి పంపితే, డబ్బు పెట్టి కొన్న గోలీలను ఎవరూ పారేయరు, పది రోజుల తర్వాత మళ్లీ మొదలుపెడతారు. ఇంకో చిన్న సంగతి: షీటు కత్తిరించేటప్పుడు మందు పేరు, గడువు తేదీ ముద్రించి ఉన్న ముక్క రోగికి వెళ్లిపోతే మిగిలింది ఏమిటో స్టోర్‌లో తెలియదు, స్టోర్‌లో మిగిలితే తనకిచ్చింది ఏమిటో రోగికి తెలియదు. రెండో వైపు నుంచి కత్తిరిస్తూ, ఇచ్చే కాగితం కవర్ మీద పేరు, మోతాదు పెన్నుతో రాయడం తప్ప దారి లేదు.

పైకి పంపేటప్పుడు

ప్రమాణాల ప్రకారం మైదాన ప్రాంతంలో 5,000 జనాభాకు ఒక సబ్ సెంటర్, 30,000కు ఒక పీహెచ్‌సీ ఉండాలి. గిరిజన ప్రాంతంలో 3,000కు, 20,000కు. ఆ పైన సీహెచ్‌సీలు (సామాజిక ఆరోగ్య కేంద్రాలు), ఏరియా ఆసుపత్రులు, అన్నిటి పైన వరంగల్‌లో ఎంజీఎం. 2016లో జిల్లాలు విడిపోయినా, తర్వాత మహబూబాబాద్, జనగామ, భూపాలపల్లి, ములుగుల్లో మెడికల్ కాలేజీలు వచ్చినా, ‘పెద్ద దవాఖాన’ అంటే పాత జిల్లా మొత్తానికీ ఎంజీఎమ్మే. ఏటూరునాగారం నుంచి వచ్చే మనిషికి అది సుమారు వంద కిలోమీటర్ల దారి. ఒక రోజు కూలి, ఇద్దరి బస్సు చార్జీలు, తోడు వచ్చేవాడి కూలి కూడా పోతాయి. కాబట్టి చీటీ మీద ‘ఎంజీఎంకు రెఫర్’ అని రెండు ముక్కలు రాసి పంపితే, ఆ ఖర్చుకు తగ్గ సమాధానం తిరిగి రాదు.

పనికొచ్చే రెఫరల్ చీటీ ఒక పేజీ దాటదు. అన్నిటికంటే ముందు ప్రశ్న ఉండాలి: ‘మూడు మందులు పూర్తి మోతాదులో వాడినా బీపీ 170/100 కిందికి రావడం లేదు, కారణం చూడండి’. ‘హైపర్‌టెన్షన్, తగు చికిత్స కోసం’ అని రాస్తే పైన ఉన్న జూనియర్ డాక్టరు కూడా అదే ఆమ్లోడిపిన్ రాసి పంపుతాడు. ఆయన ముందున్న సమాచారానికి అంతకంటే రాయలేడు. ప్రశ్న తర్వాత ఇప్పుడు వాడుతున్న మందులు మోతాదులతో, పడని మందులు, చివరి బీపీ, షుగర్, క్రియాటినిన్ తేదీలతో సహా. ఆఖరున పీహెచ్‌సీ ఫోన్ నంబరు, ఊళ్లోని ఆశా కార్యకర్త నంబరు. ఇవి రాయడానికి నాలుగు నిమిషాలు పడుతుంది. చాలా చోట్ల దొరకనిది ఆ నాలుగు నిమిషాలే. అందుకే మందుల జాబితా ముందే పుస్తకంలో ఉంటే చీటీ పని సగం తీరుతుంది.

ఏ పూట పంపుతున్నామన్నది కూడా చూసుకోవాలి. పెద్ద ఆసుపత్రిలో ఓపీ చిట్టీలు పొద్దుటి పూటే. మధ్యాహ్నం పన్నెండుకు పల్లె నుంచి బయల్దేరదీస్తే ఓపీ ముగిసే వేళకు చేరతాడు, క్యాజువాల్టీలో ఎవరో చూసి రెండు గోలీలిచ్చి రేపు రమ్మంటారు. అత్యవసరం కానప్పుడు మరుసటి రోజు మొదటి బస్సుకు పొమ్మని రాయడం మేలు. ఏ విభాగం ఓపీ ఏ రోజు ఉంటుందో ఆసుపత్రికి ఫోన్ చేసి కనుక్కుని ఒక కాగితం గోడకు అంటించుకుంటే చాలు. ఆ కాగితాన్ని ఆర్నెల్లకోసారి సరిచూడాలి, యూనిట్ల రోజులు మారుతుంటాయి.

అత్యవసరంలో లెక్క వేరు. 108 పిలవడంతో పని అయిపోదు. గుండెపోటు అనుమానంతో ఆస్పిరిన్ 300 మి.గ్రా. నమిలించి పంపినా, ఫిట్స్ వచ్చిన గర్భిణికి మెగ్నీషియం సల్ఫేట్ రెండు పిరుదుల్లో చెరో 5 గ్రాముల చొప్పున 10 గ్రాములు ఇచ్చి పంపినా, మందు పేరు, మోతాదు, ఇచ్చిన టైం చీటీ పైభాగంలో రాయాలి. అది లేకపోతే పై ఆసుపత్రిలో మొదటి మోతాదును మళ్లీ ఇవ్వాలా, ఆపాలా తెలియదు. మెగ్నీషియం విషయంలో రెండూ ప్రమాదమే: మోతాదు ఎక్కువైతే ఊపిరి మందగిస్తుంది, ఇవ్వకపోతే ఫిట్స్ తిరగబెడతాయి. ఇంకొకటి, గేటు. కాన్పు కేసులకు వరంగల్‌లో సీకేఎం, హన్మకొండలో ప్రభుత్వ ప్రసూతి ఆసుపత్రి ఉన్నాయి. కంగారులో అందరూ ఎంజీఎం అనే అంటారు. చీటీ మీద ఏ ఆసుపత్రో పేరు రాసి, బండి కదలకముందే అక్కడికి ఫోన్ చేసి బెడ్డు, రక్తం సంగతి అడిగితే దారిలో పోయే అరగంట మిగులుతుంది.

తిరుగు దారి

అన్నిటికంటే బలహీనమైన చోటు ఇది. పైకి పంపడానికి రిజిస్టర్ ఉంటుంది. వెనక్కి వచ్చినవాళ్లకు చాలా చోట్ల ఉండదు. ఎంజీఎంలో పది రోజులుండి డిశ్చార్జి అయిన మనిషి ఇంటికి చేరిన సంగతి పీహెచ్‌సీకి తెలియదు. డిశ్చార్జి సమ్మరీ ఇంగ్లీషులో ఉంటుంది, కవర్లోకి వెళ్లిపోతుంది. ఆసుపత్రి ఇచ్చిన మందులు కొన్ని రోజులకే. అవి అయిపోయాక రెండు రకాల మనుషులు కనిపిస్తారు: అన్నీ ఆపేసేవాళ్లు, లేదా కొత్తవి పక్కన పెట్టి ఇంట్లో మిగిలిన పాత గోలీలకు తిరిగివెళ్లేవాళ్లు. గుండెకు స్టెంటు వేసినవాళ్లు ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ ఇలా ఆపేస్తే, మొదటి నెలల్లో స్టెంటు మూసుకుపోయి ప్రాణం మీదికి వస్తుంది. ఆరోగ్యశ్రీ కింద కొన్ని ఆపరేషన్ల తర్వాత ఫాలో-అప్ మందులు కూడా ప్యాకేజీలో ఉంటాయి. ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్రను అడిగితే చెబుతారు. అలా అడగాలని చెప్పేవాళ్లే ఉండరు.

రెఫరల్ రిజిస్టర్‌లో కుడివైపు నాలుగు గడులు కలిపితే ఈ దారి మొదలవుతుంది: చేరారా, ఎప్పుడు తిరిగొచ్చారు, మందుల్లో ఏం మారింది, మళ్లీ ఎప్పుడు రావాలి. పంపిన రెండో రోజు ఒక ఫోన్. సగం మంది అసలు బయల్దేరలేదని తెలిసినా ఆశ్చర్యపోనక్కర్లేదు. డిశ్చార్జి అయిన వారంలోపు రెండోది, కవర్‌తో సహా పీహెచ్‌సీకి రమ్మని. వచ్చిన రోజు పైన చెప్పిన ఐదు నిమిషాల పని. ఫోన్లు చేసేది ఏఎన్‌ఎం (సబ్ సెంటర్ నర్సు), ఇంటికి వెళ్లి చూసేది ఆశా, గడులు ఖాళీగా ఉన్నాయా అని వారానికోసారి చూసేది మెడికల్ ఆఫీసర్.

ఫోన్ నంబరు దగ్గర ఒక చిక్కు. రోగి పేరు పక్కన ఉన్న నంబరు తరచూ హైదరాబాద్‌లో ఉన్న కొడుకుదే. అతనికి ‘అమ్మ మంచిగనే ఉంది’ అన్నంత వరకే తెలుసు. రెండు నంబర్లు రాయించుకోవాలి, ఒకటి తప్పనిసరిగా ఊళ్లోనే ఉండేవాళ్లది.

వచ్చినవాళ్ల లెక్క, రానివాళ్ల లెక్క

దేశంలో బీపీ నియంత్రణ కార్యక్రమం ఐహెచ్‌సీఐ మొదటి దశలో తీసుకున్న ఐదు రాష్ట్రాల్లో తెలంగాణ ఒకటి. ఆ కార్యక్రమం నేర్పిన మంచి అలవాటు, శాతం లెక్కలో కింది సంఖ్యను, అంటే ఎందరిలో అన్నదాన్ని, సరిగ్గా పెట్టడం. ఒక పీహెచ్‌సీలో 1,000 మంది బీపీ రోగులు నమోదై ఉన్నారనుకుందాం. ఈ మూడు నెలల్లో 600 మంది వచ్చారు, వాళ్లలో 420 మందికి బీపీ 140/90 కంటే తక్కువ. వచ్చినవాళ్లలో చూస్తే 70 శాతం, చప్పట్లు కొట్టొచ్చు. నమోదైనవాళ్లలో చూస్తే 42 శాతం. రాని 400 మంది ఎక్కడున్నారన్నదే అసలు పని.

ఇక్కడ కారణాలు ఊరిని బట్టి, నెలను బట్టి మారతాయి. పత్తి ఏరే రోజుల్లో, ఆ తర్వాత మిర్చి తెంపే రోజుల్లో పొద్దున తొమ్మిదికి పీహెచ్‌సీకి రమ్మంటే ఎవరూ రారు. పంట ఎనుమాముల మార్కెట్‌కు చేరేదాకా రైతుకు తన బీపీ గుర్తుండదు. భివండీకో సూరత్‌కో మగ్గాల పనికి వెళ్లినవాళ్లు పండక్కే వస్తారు. మేడారం జాతర ఉన్న ఏడాది ములుగు వైపు సిబ్బంది సగం అక్కడి క్యాంపుల్లోనే ఉంటారు, ఆ నెల లెక్కలు ఎలాగూ పడిపోతాయి. వీళ్లందరినీ ‘శ్రద్ధ లేనివాళ్లు’ అని తీసిపారేయడం తేలిక. ముందే రెండు నెలల మందులివ్వడం కాస్త కష్టమైనా ఫలితం ఇస్తుంది.

ఆ కష్టం ఏమిటో అంకెల్లో చూద్దాం. ఇంకో పీహెచ్‌సీకి 1,200 మంది నెలనెలా వస్తే, 25 పనిదినాల్లో రోజుకు 48 మంది. మనిషికి నాలుగు నిమిషాలైతే 3 గంటల 12 నిమిషాలు. అదుపులో ఉన్నవాళ్లకు రెండు నెలలకోసారి ఇస్తే ఈ సమయం బాగా తగ్గుతుంది. మిగిలిన సమయమే కవర్లు విప్పడానికి, ఫోన్లకు దొరికేది. కానీ అందరినీ ఒకే నెలలో రెండు నెలల సరఫరాకు మార్చబోతే స్టోర్ ఖాళీ అవుతుంది. వాళ్లలో 900 మంది రోజుకొక ఆమ్లోడిపిన్ వేసుకుంటే నెలకు 27,000 గోలీలు, మార్చిన ఆ నెలలో ఒక్కసారిగా 54,000 కావాలి. ఇండెంటు (మందులు పంపమని పెట్టే కోరిక) మేరకు సరఫరా పాత వాడకాన్ని బట్టే వస్తుంది కాబట్టి మధ్యలో కొరత పడుతుంది, ‘రెండు నెలల పద్ధతి పనిచేయలేదు’ అని పక్కన పెట్టేస్తారు. తప్పు పద్ధతిది కాదు, మార్చిన తీరుది. ముందు నెల ఇండెంటు పెంచి, నెలకు మూడో వంతు మంది చొప్పున మారుస్తూ పోవాలి.

రానివాళ్లకు ఫోన్లు చేసేటప్పుడు రిజిస్టర్ వరుసలో పోవద్దు. చివరిసారి బీపీ 180/110 దాటినవాళ్లు, పక్షవాతం లేదా గుండెపోటు వచ్చినవాళ్లు, ఇన్సులిన్ తీసుకునేవాళ్లు ముందు. వారానికి ఇరవై పేర్లు మించి ఇస్తే ఏఎన్‌ఎం ఆ కాగితాన్ని చూడడమే మానేస్తుంది.

టీబీ, షుగర్ ఒకే ఒంట్లో

రెండు కార్యక్రమాలు ఒకే మనిషిలో కలిసినప్పుడు ఏం జరుగుతుందో చెప్పడానికి రిఫాంపిసిన్ మంచి ఉదాహరణ. ఆరు నెలల టీబీ చికిత్సలో ఈ మందు మొదటి నుంచి చివరి దాకా ఉంటుంది. కాలేయంలో వేరే మందులను విరగ్గొట్టే ఎంజైములను ఇది పెంచుతుంది. గ్లిమెపిరైడ్, ఆమ్లోడిపిన్ వంటివి త్వరగా ఖర్చయిపోతాయి. టీబీ మందులు మొదలైన కొన్ని వారాలకు షుగర్, బీపీ రెండూ పెరుగుతాయి. టీబీ సూపర్‌వైజర్‌కు ఆ సంగతి తెలియదు, షుగర్ మందులిచ్చే నర్సుకు టీబీ సంగతి తెలియదు. డాక్టరు గోలీల మోతాదు పెంచుతారు. ఆరు నెలలు నిండి టీబీ మందులు ఆగుతాయి, అందరూ సంతోషిస్తారు. అప్పుడే ముప్పు: రెండు వారాల్లో ఎంజైములు మామూలు స్థితికి వస్తాయి, పెంచిన మోతాదు మాత్రం అలాగే ఉంటుంది. షుగర్ పడిపోతుంది.

దీనికి మందు ఒక తేదీ. టీబీ చికిత్స ముగిసే రోజును షుగర్ పుస్తకంలో ముందే రాసి, ఆ తర్వాత వారం, రెండు వారాలకు షుగర్ పరీక్ష పెట్టాలి. సబ్ సెంటర్‌లో మాలా-ఎన్ తీసుకునే మహిళకు టీబీ వచ్చినా ఇదే కథ. రిఫాంపిసిన్ వల్ల ఆ గోలీ పనితనం తగ్గుతుంది, వేరే గర్భనిరోధక పద్ధతికి మార్చాలి. ఈ ముక్క ఏఎన్‌ఎంకు చేరాలంటే కొత్త టీబీ పేర్ల జాబితా నెలనెలా ఆమె చేతిలో పడాలి, అంతే.

పోర్టళ్లు చాలా, పుస్తకం ఒకటి

బీపీ, షుగర్‌లకు ఎన్‌సీడీ పోర్టల్, టీబీకి నిక్షయ్, తల్లీబిడ్డలకు ఆర్‌సీహెచ్, దేని దారి దానిది. ఒకే మనిషి పేరును ఏఎన్‌ఎం రెండు మూడు చోట్ల ఎక్కిస్తుంది. 14 అంకెల ఆభా (ఆరోగ్య ఖాతా) నంబరుతో ఇవన్నీ కలుస్తాయన్న ఆశ ఉంది. కలిసేదాకా రోగి చేతిలోని పుస్తకమే అన్ని చోట్లకూ వెళ్లగలిగేది. గర్భిణులు తల్లీబిడ్డల కార్డును పోగొట్టుకోరు, ప్రతి పరీక్షకూ ప్రతి సాయానికీ దాన్నే అడుగుతారు కాబట్టి. బీపీ కార్డు రెండు నెలలకే మాయమవుతుంది, ఎవరూ అడగరు కాబట్టి. పుస్తకం లేకుండా మందులివ్వొద్దన్న నియమం పెట్టేవాళ్లూ ఉన్నారు. అది ప్రమాదకరమైన మొండితనం. మందులిచ్చి, కొత్త పుస్తకం రాసిచ్చి పంపాలి.

సిబ్బంది కూర్చుని మాట్లాడుకోవడానికి వారానికి ఇరవై నిమిషాలు చాలు. బుధ, శనివారాలు టీకాల రోజులు, ప్రతి నెలా 9న గర్భిణుల పరీక్షలు, వాటికి అడ్డం రాని రోజు చూసుకోవాలి. అక్కడ టార్గెట్లు చదవొద్దు. పేర్లు చదవాలి: ఈ వారం పైకి పంపినవాళ్లు, డిశ్చార్జి అయినవాళ్లు, ఫోన్‌కు దొరకనివాళ్లు. ఒక్కో పేరుకు ఎవరు వెళ్తారు, ఏ రోజుకల్లా వెళ్తారు అన్నది రాసుకుని లేవాలి.

డిశ్చార్జి రోజు ఇంటివాళ్లు అడగాల్సినవి

పీహెచ్‌సీ ఎంత పద్ధతిగా ఉన్నా, వార్డులో మంచం పక్కన ఉండేది ఇంటి మనిషే. బిల్లు, బండి హడావుడిలో పడకముందే డ్యూటీ డాక్టరునో సిస్టర్‌నో పట్టుకుని ఇవి అడిగి, సమ్మరీ వెనక తెలుగులో రాసుకోవాలి. ఇంట్లో ఉన్న పాత గోలీల్లో ఏవి ఆపాలి? కొత్తవాటిలో ఏది ఎన్నాళ్లు, ఏది మధ్యలో అస్సలు ఆపకూడదు? ఏ లక్షణం కనిపిస్తే ఓపీ దాకా ఆగకుండా వెంటనే రావాలి? మళ్లీ చూపించాల్సింది ఇక్కడేనా, ఊళ్లో పీహెచ్‌సీలో సరిపోతుందా? రక్తపరీక్షల్లో ఇంకా రిపోర్టు రానివి ఏమైనా ఉన్నాయా, ఉంటే ఏ కౌంటర్‌లో, ఏ రోజు తీసుకోవాలి? ఆ కాగితాన్ని ఫోన్‌లో ఫొటో తీసుకుని, ఊరు చేరకముందే ఆశాకు పంపితే, వారం తర్వాత ఆమె ఫోన్ చేసేటప్పటికి పీహెచ్‌సీ స్టోర్‌లో ఆ మందులున్నాయో లేవో చూసి ఉంచే వీలుంటుంది.